హావిస్ గుమ్మంలో ముంత

లూకా పండుగ మర్నాడు, లిన్ రేవు

నిన్న మా ఆయన విమండ్‌ని మట్టిలో పెట్టి వచ్చాం. ఒకటే వాన. గొయ్యి తవ్వినవాడు తాగి తూలుతున్నాడు. విమండ్ ఉండుంటే వాడి మీద నాలుగు పాదాలు కట్టి, భోజనాల దగ్గర నాకు వినిపించి, తనే ముందు నవ్వేవాడు.

ఆయన పాడుచేసిన తోలు కాగితాల అంచు ముక్కలు బుట్టెడు మిగిలాయి. పారేయబుద్ధి కాక వాటి మీద రాస్తున్నాను. నాకు రాత నేర్పింది ఆయనే. ప్రేమతో కాదు, అవసరం కొద్దీ నేర్పాడు. కళ్ళు మసకబారాయి, ఉన్ని తూచే కొట్టులో కూర్చుని పొద్దస్తమానం అల్లుకొచ్చిన పాదాలు ఇంటికొచ్చి అప్పగించడానికి ఒక చెయ్యి కావాల్సి వచ్చింది. ఆ చెయ్యి నాది. విమండ్ హార్లే కవిత్వం అని ఊరు చెప్పుకునేదంతా నా దస్తూరీలోనే ఉంది. గొప్ప కోసం రాయడం లేదు, ఉన్నమాట.

పెద్దింటివాళ్ళు ఫ్రెంచిలో ప్రేమించుకుంటారు, పూజ లాటిన్‌లో జరుగుతుంది, ఇంగ్లీషు తిట్టుకోడానికేగా అని మొదట్లో అందరూ ఆయన్ని ఎగతాళి చేశారు. "తిట్టుకునే భాషే బతికున్న భాష. నేను అందులోనే రాస్తా" అనేవాడు. మొండిఘటం.

ఇవాళ పక్కింటి హావిస్ ఒక పీపా కల్లు పంపింది. డబ్బు వద్దంది.


శుక్రవారం

జరిగింది జరిగినట్టు ఇక్కడైనా రాసుకోవాలి.

పోయే ముందు రోజు ఫాదర్ ఓస్బర్ట్ వచ్చి పాపసంకీర్తనం, చేసిన తప్పుల ఒప్పుకోలు, విని వెళ్ళారు. తర్వాత విమండ్ నన్ను పిలిచి, కల్లు అమ్మే ఆవిడ కథ తెమ్మన్నాడు. తెచ్చాను. వణికే చేత్తో ఒక్కో కాగితం అంచునా ఎర్ర సిరాతో సిలువ గీశాడు. మా ఇద్దరి లెక్కలో అంచున సిలువ ఉందంటే, ఇది తీసెయ్, ఎత్తి రాయొద్దు అని. గీయడం అయ్యాక పక్కింటి హావిస్‌ని పిలవమన్నాడు.

హావిస్ బార్లీ కల్లు పులియబెట్టి అమ్ముతుంది. మొగుడు ఆడ్కిన్ కొన్నేళ్ళ కిందట ఎండుచేపల ఓడెక్కి నార్వే వైపు వెళ్ళి తిరిగి రాలేదు. ఓడే రాలేదు. ఆ ఏడాదంతా ఆమె రోజూ సాయంత్రం గుమ్మం బయట ముంతెడు కల్లు పెట్టేది. తెల్లారేసరికి ముంత ఖాళీ. మొగుడి ఆత్మ దాహంతో వచ్చి తాగిపోతోందని నమ్మింది. నాతో మాత్రమే చెప్పుకుంది. "నీ కడుపులోనే దాచుకో వదినా" అని నా చెయ్యి పట్టుకుంది.

నేను ఆ రోజే విమండ్‌కి చెప్పాను. మంచం ఊగేలా నవ్వుకున్నాం ఇద్దరం.

దాన్ని ఆయన కథ చేశాడు. పేరు మార్చాడు గానీ గుమ్మం మార్చలేదు, ముంత మార్చలేదు. వర్తకుల సంఘం విందులో మగవాళ్ళ మధ్య చదివాడు. బల్లలు విరిగేలా నవ్వారట. ఆ తర్వాత వీధిలో ఏ తాగుబోతు ఎదురైనా, "ఏం హావిస్, నీ దయ్యానికి దాహం తీరిందా?" అనడమే. ఆమె ముంత పెట్టడం మానేసింది. ఎవరు చెప్పారో నన్నే వచ్చి అడిగింది. గుమ్మంలో పెట్టింది దారిన పోయేవాళ్ళందరికీ కనిపిస్తుంది కదా అన్నాను. నిజమేగా, కనిపిస్తుంది. నేను చెప్పకపోయినా ఇంకెవరో చెప్పేవాళ్ళు.

మంచం దగ్గరికి రాగానే విమండ్ ఆమెతో, "తప్పయిపోయింది హావిస్. ఆ కథ తీసేశాను. ఇంక దాన్ని ఎవరూ చదవరు" అన్నాడు. హావిస్ ఏడ్చింది. "పోనీలే అన్నయ్యా, ఇప్పుడా మాటలెందుకు?" అని ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఆయన ముఖం తేటపడింది. అంత ప్రశాంతంగా పోయాడు.


సైమన్, జూడ్ పండుగ

లండన్ నుంచి జెర్వేజ్ అనే లేఖకుడు పడవలో దిగాడు. పెద్ద కొట్టు ఉందట, కింద నలుగురు రాసేవాళ్ళున్నారట. విమండ్ రాసిందంతా ఒకే పుస్తకంగా కూర్చి ప్రతులు తీయిస్తానన్నాడు. మనిషి గుండ్రంగా, పంది కొవ్వు రాసుకున్నట్టు నిగనిగలాడుతూ ఉన్నాడు. మాట మాత్రం మంచిదే.

"అమ్మగారూ, కాగితాలు మీ దగ్గర ఇలా విడివిడిగా ఉంటే ఎలకలు చదువుతాయి. నా దగ్గరుంటే మనుషులు చదువుతారు."

"అన్నీ తీసుకెళ్ళండి" అన్నాను.

"కల్లు అమ్మే ఆవిడ కథ ఉందిగా? లండన్లో అందరూ దాని గురించే అడుగుతున్నారు. అది లేకపోతే మిగతాదంతా ఉప్పు లేని పులుసు."

వెతకాలి అన్నాను. నెల పూజ అయ్యాక బయల్దేరతానని, ఈలోగా వెతికి పెట్టమని చెప్పాడు. చావు జరిగిన నెలకి చేసే పూజ, విందు మా ఇంట్లోనే. ఈలోగా ఆయన ఉన్ని బేరాలు చూసుకుంటాడట.

వెతకాలట. పెట్టె తెరిస్తే పైనే ఉంది.


ఆదివారం

మళ్ళీ చదివాను. విమండ్ రాసిన అన్నిటిలోకీ అదే బాగుంది. మొగుడూ పెళ్ళాల మీద రాసిన ధర్మపన్నాలు నాకు ఎప్పుడూ నిద్ర తెప్పించేవి. పునీతుల చరిత్ర అయితే ఆయనకే నిద్ర తెప్పించేది. ఇది మాత్రం గంతులు వేస్తుంది. భిక్షాటనకి తిరిగే సన్యాసి ఒకడు ముంతలో కల్లు మరిగి, తర్వాత దయ్యం వేషంలో లోపలికే వస్తాడు. "దయ్యాలు గోడల్లోంచి దూరతాయంటారు, ఈ దయ్యం గడియ తీసుకుని, జోళ్ళు విప్పుకుని వచ్చింది" అన్నచోట నేను ఎత్తి రాస్తూ సిరా ఒలకబోసుకున్నాను, నవ్వాగక.

హావిస్‌కి ఈ సన్యాసి సంగతి తెలియదు. ముంత వరకే వీధిలోకి వచ్చింది. మగవాళ్ళు మిగతాది విందులోనే ఉంచేశారు, ఆ మాత్రం సిగ్గు ఉండబట్టి.

అంచున సిలువలు వంకరటింకరగా ఉన్నాయి. జబ్బులో గీసినవి. జబ్బులో మనిషి ఏదైనా గీస్తాడు.


సోమవారం

గీకి చూశాను. వస్తుందో రాదో చూద్దామని ఒక్క సిలువే గీకాను. చిన్న కత్తితో పలచగా, తర్వాత నురగరాయితో రుద్ది. తప్పులు దిద్దడం నాకు అలవాటైన పనే. శుభ్రంగా వచ్చేసింది.


మంగళవారం

ఒకదానికి తీసి మిగతావాటికి ఉంచితే అసహ్యంగా ఉంటుంది. అన్నీ తీసేశాను.


సకల పునీతుల పండుగ

నిద్ర బాగానే పట్టింది.


సకల ఆత్మల పండుగ

గుడిలో చనిపోయినవాళ్ళ పేర్లు చదివారు. ఆడ్కిన్ పేరు తర్వాత కాసేపటికి విమండ్ పేరు. హావిస్ నా పక్కనే నిలబడి రెండు పేర్లకీ ఒకేలా కళ్ళు తుడుచుకుంది. చనిపోయాక పాపాలు కాలి శుద్ధయ్యే ఉత్తరించు స్థలంలో ఉన్నవాళ్ళకి మనం చేసే మేలే నీళ్ళట, ఫాదర్ అన్నారు. మరి మనం చేసే చెడు ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మధ్యాహ్నం హావిస్ పోయినవాళ్ళ పేరిట పంచే ఆత్మల రొట్టెలు మూటకట్టుకుని వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుంది. ఆమెకి ఎంత మంచి మనసంటే పక్కన కూర్చోడం కష్టంగా ఉంటుంది. నా రొట్టెలు ఒత్తే కర్ర విరిగిందని తనదే తెచ్చి పెట్టింది, అడక్కుండా. కాసేపు వాన గురించి, చేపల ధర గురించి మాట్లాడి, ఉన్నట్టుండి అడిగింది.

"వదినా, అన్నయ్య తీసేసిన ఆ కాగితాలు కాల్చేశావా?"

"లేదు. ఇంకా లేదు."

"అయితే కాల్చేముందు ఒకసారి నాకు చదివి వినిపిస్తావా?"

నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను.

"ఊరంతా నా మొహాన విసిరేది ముక్కలే కదా వదినా. దయ్యం, దాహం, ఇంతే. అసలు ఏం రాశాడో నాకు తెలీదు. నా కథ నాకు తప్ప అందరికీ తెలుసు. పోయేముందు క్షమాపణ అడిగాడు, దేనికి క్షమించానో కూడా తెలీకుండా క్షమించాను. ఒక్కసారి విని వదిలేస్తా."

కాగితాలు తీశాను. మొదటి పాదాలు ఉన్నవి ఉన్నట్టే చదివాను, అందులో తప్పేమీ లేదు: రేవు, గాలి, కల్లు ఉందని గుర్తుగా గుమ్మానికి కట్టిన కొమ్మ, లోపల పులుస్తున్న కల్లు వాసన. ముంత దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళు కాగితం మీద సన్యాసిని చూస్తున్నాయి, నోరు మాత్రం వేరే చదివింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"ముంత నిండుగా ఉంది, ముంగిలి ఖాళీగా ఉంది,
మాట ఇచ్చి వెళ్ళినవాడికై దీపం మేలుకుని ఉంది"

అలా అల్లుకుంటూ పోయాను. సముద్రం అడుగున ఆడ్కిన్‌కి చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. భార్య పెట్టిన ముంత ఒక్కటే అతనికి ఊరి దారి చూపిస్తుంది. ఊరు ఆమెను చూసి నవ్వుతుంది. నవ్వినవాళ్ళ ఇళ్ళముందు ఏ ఆత్మా ఆగదు, ఎందుకంటే అక్కడ దానికోసం ఎవరూ ఏమీ పెట్టలేదు. మధ్యమధ్య నిజంగా చదువుతున్నట్టు కాగితం తిప్పాను. తిప్పడం మర్చిపోలేదు, అదీ నేను.

హావిస్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని లేచింది.

"ఇంత బాగా రాసి, దీనికా ఆయన క్షమాపణ అడిగింది? పిచ్చి అన్నయ్య. ఊరు నవ్విందంటే ఊరికి వినడం రాలేదు. తీసెయ్యొద్దు వదినా."

"ఆయన మాట ఇచ్చాడు కదా."

"ఇచ్చింది నాకేగా? నేను వదిలేస్తున్నా. పుస్తకంలో పెట్టించు. లండన్ వెళ్ళనీ మా ఆడ్కిన్."

సరే అన్నాను.


మర్నాడు

ఆమే పెట్టమంది. నేను అడగలేదు. సాక్ష్యానికి రొట్టెల మూట ఇక్కడే ఉంది.


గురువారం

నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నన్ను తిట్టేది. హావిస్ కథ విమండ్‌కి చెప్పినప్పుడు అది నిజం. మరి సన్యాసి సంగతి ఇన్నాళ్ళూ హావిస్ దగ్గర ఎలా నానబెట్టగలిగాను? నాకు కావలసినప్పుడు నా నోరు బాగానే మూసుకుంటుంది.


మార్టిన్ పండుగ

పశువుని కోశారు, ఉప్పు వేసి తొట్టిలో పెట్టే పని. చేతుల నిండా పని ఉంటే మంచిది.

ఫాదర్ ఓస్బర్ట్ దారిలో ఆపారు. "ఆ కథ సంగతి చూశావా అమ్మా ఇడోనీ?" అన్నారు. హావిస్‌కి చదివి వినిపించాను, పుస్తకంలో ఉంచమని తనే అంది అని చెప్పాను. ప్రతి ముక్కా నిజం. ఆయన ఆశ్చర్యపోయి, హావిస్‌ది గొప్ప హృదయం అన్నారు. అవునన్నాను.

సాయంత్రం జెర్వేజ్‌కి మొత్తం కాగితాలు ఇచ్చేశాను. ఇంటికి వచ్చాక పెట్టె మూత తెరిచి చూశాను, ఏమీ లేదని తెలిసి కూడా.


రెండు రోజుల తర్వాత

హావిస్ ఊరంతా చెప్పుకు తిరుగుతోంది. చేపల బజారులో విన్నాను. "నెల పూజకి రండి, విమండ్ అన్నయ్య నా మీద రాసింది చదువుతారు, మీరు ఇన్నాళ్ళూ తప్పుగా విన్నారు" అంటోందట. చేపలమ్మి నాతో, "ఏమిటి హార్లే అమ్మగారూ, దానికేమైనా మతిపోయిందా?" అంది. నేను పాముచేపలు ఏరుకుంటున్నట్టు తల దించుకున్నాను.

నేరుగా జెర్వేజ్ బస దగ్గరికి వెళ్ళాను. విందులో ఆ కథ మాత్రం చదవొద్దన్నాను.

"ఆడవాళ్ళు ఉంటారనా అమ్మగారూ?"

"అవును. పోనీ చదివినా సన్యాసి లేకుండా చదవండి."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "సన్యాసి లేకపోతే అందులో ఏముంది? ఒక ఆడది, ఒక ముంత. దానికెవరు డబ్బిస్తారు?" తర్వాత నా మొహం చూసి, సరే, పునీతురాలి కథ చదువుతానని మాట ఇచ్చాడు.

హావిస్‌కి చెప్పేయాలి. రేపు చెబుతాను.


మర్నాడు

హావిస్ విందుకి కల్లు కాస్తోంది. పని మీద ఉంది. చెప్పలేదు.


నెల పూజ

పూజ బాగా జరిగింది. అందరూ అలా అన్నారు.

విందుకి మా ముందుగది, వసారా కూడా నిండిపోయాయి. వర్తకులు, వాళ్ళ భార్యలు, ఉన్ని కొట్టులో విమండ్‌తో పని చేసినవాళ్ళు. హావిస్ కొత్త తలగుడ్డ కట్టుకుని నా పక్కన కూర్చుంది, ఇంటి మనిషిలా. జెర్వేజ్ లేచి పునీతురాలి కథ మొదలుపెట్టాడు. కాసేపటికే దగ్గులు, కుర్చీల చప్పుళ్ళు.

అప్పుడు హావిస్ లేచి నిలబడింది.

"అయ్యగారూ, అది గుడిలో వింటాంలెండి. నాది చదవండి."

ఎవరో వెనకనుంచి కిసుక్కున నవ్వారు. హావిస్ అటు తిరిగి, "నవ్వుకో. విన్నాక ఏడుస్తావు" అంది. జెర్వేజ్ నా వైపు చూశాడు. ఫాదర్ ఓస్బర్ట్ కూడా నా వైపే చూశారు. నేను అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. పెళ్ళాన్ని, ఇంటి యజమానురాలిని, వద్దంటే ఆగిపోయేవాడు. నేను జగ్గు తీసుకుని ఎవరి లోటా ఖాళీగా ఉందా అని చూశాను.

జెర్వేజ్ చదివాడు. గొంతులు మార్చి, చేతులు తిప్పి, బాగా చదివాడు. రేవు, గాలి, గుమ్మానికి కొమ్మ. హావిస్ తనకి తెలిసిన పాదాలు వస్తుంటే పెదవులు కదుపుతూ తనూ కలిసి అంది. ముంత వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. సన్యాసి వచ్చాడు.

ఆమె పెదవులు ఇంకో రెండు పాదాలు నా మాటలే అన్నాయి, జెర్వేజ్ వేరే మాటలు అంటుండగా. తర్వాత ఆగిపోయాయి.

గది విరగబడి నవ్వింది. వర్తకుల భార్యలు మొహం కప్పుకుని నవ్వారు. సన్యాసి జోళ్ళు విప్పుకున్నచోట, దేవుడా, నేను కూడా నవ్వాను. నవ్వొచ్చింది. హావిస్ అప్పుడే నా వైపు తిరిగి ఉంది. చూసింది.

చివరిదాకా కూర్చుంది, కదల్లేదు. అయిపోయాక లేచి, ఖాళీ పీపాలు రేపు తీసుకెళ్తానని పనిమనిషితో చెప్పి వెళ్ళిపోయింది.


మర్నాడు

పొద్దుటి పోటుకి జెర్వేజ్ పడవ వెళ్ళిపోయింది, కాగితాలతో. రేవు దాకా పరిగెత్తాను. తాళ్ళు విప్పేసి ఉన్నాయి. టోపీ ఎత్తి ఊపాడు, సాగనంపడానికి వచ్చాననుకున్నాడు.


ఆదివారం

పాపసంకీర్తనం చేసుకున్నాను. సిలువలు, కత్తి, నురగరాయి, పొయ్యి దగ్గర చదివింది, అన్నీ చెప్పాను.

ఫాదర్ ఓస్బర్ట్, "నీ భర్త తీసేశానన్నాడు, తీసేశాడు. ఆయన మాట నిలబడింది. ఆయన కోసం భయపడకు. ఈ బరువు మొత్తం నీది" అన్నారు. విమండ్ ఆత్మకి ఏమీ కాదన్నందుకు సంతోషం వేసింది. నిజంగానే వేసింది. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను.

ప్రాయశ్చిత్తంగా శుక్రవారాలు రొట్టె, నీళ్ళు మాత్రమే. దానితోపాటు హావిస్ దగ్గరికి వెళ్ళమన్నారు.


కేథరిన్ పండుగ ముందురోజు

వెళ్ళే ముందు ఒకటి చేయాలనుకున్నాను. ఆ రోజు నేను చదివింది రాసి, దాన్నే లండన్ పంపి, విమండ్ కథ బదులు ఇది పెట్టమని జెర్వేజ్‌ని అడగాలని. అప్పుడు హావిస్ దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళక్కర్లేదు.

మూడు రోజుల నుంచి కూర్చుంటున్నాను. ముంత నిండుగా ఉంది, ముంగిలి ఖాళీగా ఉంది. దీపం. ఆ తర్వాత రావడం లేదు. సముద్రం అడుగున ఆడ్కిన్ ఏదో అన్నాడు, ఏమన్నాడు? నవ్వినవాళ్ళ ఇళ్ళ గురించి ఒక పాదం ఉంది, అది వచ్చినప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. పోయింది. ఇరవై ఏళ్ళు ఇంకొకరి పాదాలు రాసిన చెయ్యి, సొంతవి నాలుగు పట్టుకోలేకపోయింది. అల్లుకుంటూ కూర్చుంటే చివరికి ప్రతిసారీ గడియ తీసుకుని ఆ సన్యాసే వస్తున్నాడు.


కేథరిన్ పండుగ

వెళ్ళాను. హావిస్ పీపాలు కడుగుతోంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

అంతా చెప్పాను. ఆ రోజు చదివింది విమండ్‌ది కాదని కూడా చెప్పాను.

"తెలుసు, విందు రోజే తెలిసింది" అంది. "ఆయనదైతే మధ్యలో ఎక్కడో ఒకచోట నవ్వొచ్చేది."

"ముంత సంగతి ఆయనకి చెప్పింది నేనే హావిస్."

"అదీ తెలుసు. నీకు తప్ప ఎవరికి చెప్పాను?"

ఇన్నేళ్ళూ తెలిసే రొట్టెలు తెచ్చింది, తెలిసే నా పక్కన కూర్చుంది. తర్వాత, నేను చదివింది రాసి లండన్ పంపాలనుకుంటున్నానని, కానీ గుర్తు రావడం లేదని చెప్పాను. తనకి చదువు రాదు. చదువు రానివాళ్ళు ఒకసారి విన్నది మర్చిపోరు. "నీకు గుర్తుందా?" అని అడిగాను.

"మొదటినుంచి చివరిదాకా ఉంది. పడుకునేముందు చెప్పుకుంటాను."

"అయితే చెప్పు. నేను రాసుకుంటాను. నీ పేరు మీదే పంపిస్తాను."

హావిస్ చేతులు తుడుచుకుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

"చెప్పను వదినా. నీకు ఒకసారి చెప్పాను కదా."

మళ్ళీ పీపా కడగడంలో పడింది.